మోటారు అతికిద్దామా, మౌంట్ అతికిద్దామా: ఆర్‌సీ పడవలో ఎపాక్సీ ఎంపిక

రిమోట్‌తో నడిచే నా స్పీడ్ బోటులో మొదటిసారి మోటారు ఊడివచ్చినప్పుడు కోపమంతా జిగురు మీదికే పోయింది. ఏబీఎస్ ప్లాస్టిక్ హల్ (పడవ ఒళ్లు), లోపల రాసుకునే బ్రష్‌లు లేని 36 మిల్లీమీటర్ల బ్రష్‌లెస్ మోటారు, దాన్ని పట్టి ఉంచే అల్యూమినియం మౌంట్, దాని కింద దండిగా పోసిన ఐదు నిమిషాల ఎపాక్సీ, అంటే రెండు భాగాలు కలిపి వాడే జిగురు. మూడో రన్‌లో ప్రొపెల్లర్‌కు నాచు చుట్టుకుంది. లోపల టక్‌మని చప్పుడైంది, పడవ నీళ్ల మధ్యలో ఆగిపోయింది. ఒడ్డుకు తెచ్చి మూత తీస్తే మౌంటూ దాని కింది ఎపాక్సీ ముద్దా కలిసి చేతిలోకి వచ్చేశాయి. ముద్దను తిరగేసి చూశాక విషయం అర్థమైంది. దాని అడుగు అద్దంలా మెరుస్తోంది. హల్ లోపలి నునుపంతా దాని మీద అచ్చు దిగింది. అంటే జిగురు తెగలేదు, పగల్లేదు. అసలు పట్టుకోనే లేదు.

అప్పటినుంచి ఎవరైనా "ఏ ఎపాక్సీ గట్టిది?" అని అడిగితే పేరు చెప్పను, ఎదురు ప్రశ్నలు వేస్తాను. మీరు అతికించేది మోటారునా, మౌంట్‌నా? ఏ హల్‌కు? మీ మోటారు ఎంత వేడెక్కుతుంది? ఈ మూడూ తేలితే జిగురు ఎంపిక సగం అయిపోయినట్టే.

ముందు ఒక చిన్న లెక్క

ప్యాకెట్ల మీద రాసే బలం అంకెలు చూసి టెన్షన్ పడేవాళ్లు ఎక్కువ. ఒకసారి లెక్క వేసి చూద్దాం. మోటారు 1000 వాట్ల శక్తిని నిమిషానికి 30,000 చుట్ల దగ్గర ఇస్తోందనుకోండి. అప్పుడు షాఫ్ట్ (తిరిగే కడ్డీ) మీద టార్క్, అంటే తిప్పే బలం, సుమారు 0.32 న్యూటన్ మీటర్లు. 36 మిల్లీమీటర్ల మోటారు అంచు దగ్గర అది దాదాపు 18 న్యూటన్ల బలం, అంటే రెండు కిలోల లోపు బరువు. 100 వాట్ల మోటారు 10,000 చుట్ల దగ్గర ఇచ్చే టార్క్ అయితే 0.1 న్యూటన్ మీటరు కూడా ఉండదు.

ఇక జిగురు వైపు చూడండి. మామూలు ఎపాక్సీ సరిగ్గా పట్టిన చోట పక్కకు లాగే బలాన్ని చదరపు మిల్లీమీటరుకు 10 న్యూటన్ల దాకా తేలిగ్గా తట్టుకుంటుంది. మౌంట్ కాళ్ల కింద 1000 చదరపు మిల్లీమీటర్ల చోటు ఉంటే కాగితం మీద అది 10,000 న్యూటన్లు, అంటే టన్ను బరువు. ప్రొపెల్లర్ బిగుసుకుపోయి టార్క్ ఒక్కసారిగా కొన్ని రెట్లు పెరిగినా ఇంకా బోలెడంత మిగులుంటుంది. కాబట్టి ఒక ప్యాకెట్ మీద ఉన్న అంకె పక్క ప్యాకెట్ కంటే ముప్పై శాతం ఎక్కువ అన్నది మన పనిలో లెక్కలోకే రాదు.

మరి ఊడేవి ఎందుకు ఊడుతున్నాయి? నేను చూసినంతలో కారణాలు నాలుగే. నునుపు పోకుండా గీకకపోవడం. వేడికి జిగురు మెత్తబడటం. గంటల తరబడి అదురు. అన్నిటికంటే ముఖ్యమైనది, ఒక మూల నుంచి పెచ్చులా లేవడం. స్టిక్కర్‌ను పక్కకు తోస్తే కదలదు, మూల గోటితో పట్టి లేపితే సర్రున వచ్చేస్తుంది. ఎపాక్సీ కూడా అంతే. పక్కకు లాగితే కొండ, పెచ్చులాగా లేపితే నీరసం. పలచటి ప్లాస్టిక్ హల్ నీటి దెబ్బకు ప్రతిసారీ కాస్త వంగుతుంది, దాని మీద రాయిలా గట్టిపడిన ఎపాక్సీ మాత్రం వంగదు. ఆ అంచులోనే లేవడం మొదలవుతుంది. ఇంకా బలమైన జిగురు కొంటే ఇది ఆగదు. అతుకును వెడల్పు చేయాలి, అంచులు పలచగా జారేలా చేయాలి.

మోటారునే అతికించడం

మోటారు డబ్బాను నేరుగా హల్‌కు గానీ, చెక్కతో చేసిన తొట్టిలాంటి దిమ్మకు గానీ ఎపాక్సీతో అతికించేయడం. సులువు, తేలిక, స్క్రూలు లేవు. చిన్న బొమ్మ పడవల్లో, గట్టిగా పట్టుకున్నా చెయ్యి కాలని చిన్న బ్రష్డ్ మోటార్లకు ఇది చెల్లుతుంది. మోటారు పోతే దిమ్మతో సహా తీసి పారేసే ఉద్దేశం ఉంటే నాకేమీ అభ్యంతరం లేదు.

అంతకు మించిన మోటారుకు మాత్రం వద్దనే చెబుతాను. బ్రష్డ్ మోటారు డబ్బాకు గాలి రంధ్రాలుంటాయి, ఎపాక్సీ వాటిలోకి గానీ బేరింగ్‌లోకి గానీ జారితే మోటారు అక్కడితో సరి. బయటి డబ్బా తిరిగే అవుట్‌రన్నర్‌కు ఈ మాటే వర్తించదు, అతికించడానికి దానికి వెనక పళ్లెం తప్ప నిలకడైన చోటు లేదు. లోపలి భాగం మాత్రమే తిరిగే ఇన్‌రన్నర్‌ను అతికించవచ్చు గానీ దాని వేడంతా డబ్బా గుండానే బయటికి పోవాలి. ఎపాక్సీ వేడిని సరిగా పోనివ్వదు, పైగా ఆ వేడికి తానే మెత్తబడుతుంది. మీరు దుప్పటి కప్పుతున్నది ఏ భాగానికో ఒకసారి ఆలోచించండి. ఇక బేరింగ్ మార్చాల్సి వస్తే? మోటారును హల్ నుంచి కోసి తీయాలి. నాకు తెలిసినంతలో అలా కోసిన ఏ హల్ కూడా మునుపటిలా లేదు.

మౌంట్‌ను అతికించి, మోటారును బోల్టులతో బిగించడం

నా ఓటు దీనికే. మోటారు ముందు మొహానికి బోల్టులతో బిగించే ఎల్ ఆకారపు అల్యూమినియం మౌంట్, దాని కింద ప్లైవుడ్ దిమ్మ. ఆ దిమ్మను హల్‌కు ఎపాక్సీతో అతికిస్తారు, మౌంట్‌ను దిమ్మకు స్క్రూలతో పెడతారు. ఎపాక్సీ కరవడానికి చెక్క కంటే మంచి చోటు లేదు. దిమ్మ వెడల్పుగా ఉంటే బలం పలచటి హల్ మీద పరుచుకుంటుంది. మోటారుకూ జిగురుకూ మధ్య లోహమూ చెక్కా ఉంటాయి కాబట్టి జిగురు దాకా చేరే వేడి తగ్గిపోతుంది. మోటారు మార్చాలంటే రెండు బోల్టులు విప్పితే చాలు.

540 సైజు బ్రష్డ్ మోటార్లకూ, చాలా 36 మిల్లీమీటర్ల బ్రష్‌లెస్ వాటికీ ముందు మొహం మీద 25 మిల్లీమీటర్ల దూరంలో ఎం3 (మూడు మిల్లీమీటర్ల బోల్టు) రంధ్రాలుంటాయి. ఇక్కడ ఒక ఉచ్చు ఉంది, చాలామంది పడతారు. బోల్టు పొడవైతే దాని కొన లోపలి తీగ చుట్లను తాకుతుంది. మోటారు తిరిగినట్టే తిరిగి కాలిపోతుంది. మౌంట్ మందం పోగా లోపలికి నాలుగు మిల్లీమీటర్లకు మించి పోకుండా చూసుకుని, అదనపు పొడవుంటే వాషర్లు వేయండి. బోల్టు అదురుకు వదులు కాకుండా పట్టే థ్రెడ్‌లాక్ ద్రవం, మధ్యస్థ బలం ఉన్నది, ఒక చుక్క చాలు. అది ఏబీఎస్ మీద కారకూడదు, ప్లాస్టిక్‌లో సన్నటి పగుళ్లు తెప్పిస్తుంది.

దిమ్మలో టీ-నట్లు (చెక్కలోకి దిగ్గొట్టే నట్లు) పెట్టేటట్టయితే హల్‌కు అతికించకముందే కింద నుంచి కొట్టి పెట్టుకోండి. వాటి మరల్లో కాస్త గ్రీజు రాయండి, లేకపోతే ఎపాక్సీ ఎక్కి నట్టు శాశ్వతంగా మూసుకుపోతుంది. గ్రీజు అతుకు చోటికి అంటకూడదని వేరే చెప్పక్కర్లేదు. చెబుతున్నాను, ఎందుకంటే నాకోసారి అంటింది.

చెక్క దిమ్మ లేకుండా అల్యూమినియం మౌంట్ కాళ్లనే హల్‌కు అతికించేవాళ్లూ ఉన్నారు, ఫైబర్‌గ్లాస్ హల్‌లో అది బాగానే నిలుస్తుంది. అయితే కాళ్లలో మూడేసి మిల్లీమీటర్ల రంధ్రాలు నాలుగైదు వేయండి. కింద నుంచి ఎపాక్సీ వాటిలోంచి పైకి ఉబికి రివెట్ తలలా గట్టిపడుతుంది. అప్పుడు అల్యూమినియం మీద పట్టు వదిలినా మౌంట్ కదలదు.

హల్‌కు అడుగున రంధ్రాలు పొడిచి బోల్టులు బయటికి తీసే మూడో పద్ధతి ఒకటుంది. పాలిథిన్, పాలీప్రొపిలీన్ హల్‌లకు వేరే దారి లేదు, వాటికి మామూలు ఎపాక్సీలేవీ అంటవు. మిగతా హల్‌లలో అడుగున ప్రతి రంధ్రమూ ఒక లీకే, వేగంగా పోయే పడవకు అడుగు నునుపు చెడితే పరుగు కూడా చెడుతుంది.

ఎపాక్సీల్లో ఏది

ఐదు నిమిషాల ఎపాక్సీ అందరి డబ్బాలోనూ ఉండేదే. త్వరగా పట్టుకుంటుంది, అందుకే అందరూ దానికే చెయ్యి చాపుతారు. ఆ వేగానికి మూల్యం ఉంది. సుమారు 50 డిగ్రీల దగ్గర్నుంచే మెత్తబడటం మొదలవుతుంది, ఎక్కువ కాలం తడిలో ఉంటే బలం తగ్గుతుంది. పడవ అడుగున మోటారు పక్కన ఉండేవి సరిగ్గా ఆ రెండే, వేడీ తడీ. ఐదు నిమిషాలంటే పూర్తి బలం వచ్చేస్తుందని కాదు, కలిపిన జిగురు అంతలో చేతికి లొంగకుండా పోతుందని. కలపడానికి రెండు నిమిషాలు పోతే, మౌంట్ సరిచేసుకోవడానికి మిగిలేది మూడు. ఆ తొందరలో పెట్టిన మౌంట్ ఎప్పుడూ వంకరగానే ఉంటుంది. నా దృష్టిలో దీని అసలు పని తాత్కాలికంగా నిలపడం, అంటే కుట్టే ముందు పెట్టే గుండుసూది పని. మౌంట్ కదలకుండా రెండు చుక్కలు పెట్టి, అసలు అతుకు వేరే దానితో వేయడానికి.

ముప్పై నిమిషాల ఎపాక్సీ, అంతకంటే నెమ్మదిగా ఒక రాత్రంతా తీసుకునే రకాలు: అసలు అతుకు వీటితోనే. ఇవి చెక్కలోకీ గ్లాస్ బట్టలోకీ బాగా ఇంకుతాయి, తడిని మెరుగ్గా తట్టుకుంటాయి, మెలితిప్పితే ఐదు నిమిషాల రకంలా పుటుక్కున విరగవు. కానీ గది ఉష్ణోగ్రతలో గట్టిపడినంత మాత్రాన ఇవీ వేడికి మొండివి కావు, చాలా రకాలు 60 డిగ్రీల చుట్టుపక్కల నీరసపడతాయి. దానికి చిన్న ఉపాయం ఉంది. ఒక రోజు గట్టిపడనిచ్చాక హల్ లోపల బల్బు పెట్టో, వెచ్చటి పెట్టెలో ఉంచో 45-50 డిగ్రీల్లో కొన్ని గంటలు ఉంచితే వేడిని తట్టుకునే శక్తి మరికాస్త పెరుగుతుంది. ఫైబర్‌గ్లాస్‌కూ చెక్కకూ ఇది బాగుంటుంది. పలచటి ప్లాస్టిక్ హల్‌కు చేయబోతే అది వంకర తిరుగుతుంది, వద్దు.

లోహపు పొడి కలిపిన ఎపాక్సీల గురించి అడిగేవాళ్లు ఎక్కువ, జేబీ వెల్డ్ లాంటివి. దాని మామూలు రకం నాలుగు నుంచి ఆరు గంటల్లో పట్టుకుంటుంది, పూర్తిగా గట్టిపడటానికి 15 నుంచి 24 గంటలు. ప్యాకెట్ మీద 550 డిగ్రీల ఫారెన్‌హీట్ అని ఉంటుంది, అంటే 288 డిగ్రీల సెల్సియస్ దగ్గర. మన మోటారు ఆ దరిదాపులకు వెళ్తే ముందు లోపలి అయస్కాంతాలు పోతాయి, మామూలు నియోడిమియం రకాలు 80 డిగ్రీల దగ్గర్నుంచే శక్తి కోల్పోవడం మొదలెడతాయి. అల్యూమినియం మౌంట్‌ను ఇత్తడి గొట్టానికో మరో లోహానికో కలపాలంటే ఈ రకం చక్కగా ఉంటుంది. కాకపోతే బరువు ఎక్కువ, గ్లాస్ బట్టలోకి ఇంకదు, ప్లాస్టిక్ హల్ మీద దీనికీ అదే అవస్థ. 288 డిగ్రీలు తట్టుకునే జిగురు నునుపు ఏబీఎస్ మీద మామూలు జిగురులాగే ఊడిపోతుంది.

పిసికి వాడే ఎపాక్సీ ముద్దలు ఖాళీలు పూడ్చడానికి, షాఫ్ట్ గొట్టం చుట్టూ నింపడానికి మంచివి. గట్టిగా ఉండే ముద్ద హల్ గరుకులోకి పారదు కాబట్టి మోటారు బరువు మోసే అతుకుకు నేను వాడను.

కారకుండా నిలబడే ఎపాక్సీ కావాలంటే నెమ్మది రకంలోనే కొల్లాయిడల్ సిలికా పొడి గానీ, నూరిన గ్లాస్ పీచు గానీ కలపండి. చెంచా తిరగేస్తే జారకుండా నిలిచేంత చిక్కదనం చాలు. తేలిక కోసం అమ్మే మైక్రోబెలూన్లు (డొల్ల గుండ్ల పొడి) ఇక్కడ వద్దు. అవి ఉప్పుకాగితంతో తేలిగ్గా అరగడానికి పనికొస్తాయి, బరువు మోయడానికి కాదు.

ఎపాక్సీ కానివి

సూపర్ గ్లూ పెళుసు, దెబ్బకు విడిపోతుంది, తాత్కాలికంగా నిలపడానికి సరే. హాట్ గ్లూ గన్ జిగురు మోటారు వేడికే కరిగి జారుతుంది, దాన్ని వైర్లు అణిచిపెట్టడానికి ఉంచుకోండి. నురుగులా పొంగే పాలీయురేథేన్ జిగురు పొంగేటప్పుడు మౌంట్‌ను లేపి షాఫ్ట్ వరసను, అంటే మోటారూ ప్రొపెల్లర్ కడ్డీ ఒకే గీతలో ఉండటాన్ని, చెడగొడుతుంది.

సిలికోన్ సంగతి వేరు. స్కేల్ పడవల్లో, అంటే టగ్‌లు, చేపల పడవలు లాంటి నెమ్మదైన నమూనాల్లో, మోటారు మోత హల్‌కు పాకి డప్పులా మోగుతుంది. అక్కడ గట్టిగా పట్టే ఎపాక్సీ కంటే మెత్తటి సిలికోన్ పరుపు మీద మోటారును కూర్చోబెట్టడం చెవికి హాయి. రెండు జాగ్రత్తలు. వెనిగర్ వాసన వచ్చే సిలికోన్ రాగినీ ఇత్తడినీ తినేస్తుంది, న్యూట్రల్ రకం తీసుకోండి. సిలికోన్ ఒకసారి పూసిన చోట తర్వాత ఎపాక్సీ గానీ పెయింట్ గానీ అంటదు. కాబట్టి తర్వాత మనసు మారే అవకాశం ఉంటే హల్‌కు పూయకండి, దిమ్మకూ మోటారుకూ మధ్యే ఉంచండి.

హల్‌ను బట్టి

చెక్క హల్‌కు ఆలోచించేదేమీ లేదు. నెమ్మది ఎపాక్సీ పలచగా ఒక పూత ఇంకనిచ్చి, అది జిగటగా ఉండగానే చిక్కగా కలిపిన దానితో దిమ్మ అతికించండి.

ఫైబర్‌గ్లాస్ హల్‌లు ఎక్కువగా పాలియెస్టర్ రెసిన్‌తో చేసినవే, వాటికి ఎపాక్సీ బాగా పడుతుంది. లోపలి వైపు గరుకుగా కనబడుతుంది కదా అని మోసపోకండి. గాలికి గట్టిపడేందుకు రెసిన్‌లో మైనం కలిపి ఉంటే అది పైకి తేలి పొరలా ఉంటుంది. ముందు మైనాన్ని తీసే ద్రావకంతో తుడిచి, తర్వాతే 80 నంబర్ ఉప్పుకాగితంతో గీకండి. గీకాక తుడిస్తే మైనాన్ని గీతల్లోకి నింపినట్టవుతుంది. ఎక్కడా మెరుపు కనబడకూడదు. ధూళి పీల్చకుండా మాస్క్ పెట్టుకోండి. ఆఖర్న నాలుగు నీటి చుక్కలు చల్లి చూడండి, పూసల్లా ముడుచుకుంటే ఇంకా జిడ్డుంది, పలచగా పరుచుకుంటే బాగుంది. ఆరనిచ్చి అతికించండి.

కార్బన్ హల్ అయితే అల్యూమినియం మౌంట్‌ను నేరుగా దాని మీద కూర్చోబెట్టకండి. కార్బన్‌లో కరెంటు పారుతుంది, ఉప్పు నీరు తగిలితే అల్యూమినియాన్ని తినేయిస్తుంది. మధ్యలో పలచటి గ్లాస్ బట్ట ఒక పొర వేస్తే సరి.

ఏబీఎస్ దగ్గర ఎక్కువసేపు ఆగాలి, ఎందుకంటే రెడీమేడ్‌గా వచ్చే పడవల్లో చాలావరకు దీనివే, ఊడేవీ ఎక్కువగా ఇవే. ఎపాక్సీ ఏబీఎస్‌కు పడుతుంది, గీకితే ఇంకా బాగా పడుతుంది, కానీ వంగే పలచటి ఏబీఎస్ మీద ఎక్కువ కాలం నిలవడం కష్టం. ఇక్కడ నా మొదటి ఎంపిక ఎపాక్సీ కాదు. మూడు మిల్లీమీటర్ల ఏబీఎస్ రేకు ముక్కలు కోసి, ఏబీఎస్‌ను కరిగించి కలిపే ప్లాస్టిక్ సిమెంటుతో హల్‌కు అతికించండి. అది జిగురు కాదు, రెండు ప్లాస్టిక్‌లు కరిగి ఒకటైపోతాయి, పెచ్చు లేవడానికి అంచే ఉండదు. ఒకటి రెండు రోజులు ఆరాక ఆ ముక్కల మీద మౌంట్‌ను స్క్రూలతో పెట్టండి. రెండో ఎంపిక మిథాక్రిలేట్ జిగుర్లు, రెండు భాగాలుగా వచ్చేవే. ఏబీఎస్‌ను బాగా కరుస్తాయి, కాస్త సాగే గుణం ఉంటుంది. వాసన మాత్రం ఘాటు, తలుపులు తెరిచి పెట్టుకోవాలి. మీ దగ్గర ఎపాక్సీ తప్ప ఇంకేమీ లేకపోతే గట్టిగా గీకి, దిమ్మను వీలైనంత వెడల్పు చేసి, హల్ పక్క గోడల దాకా పాకించండి. అసిటోన్‌తో మాత్రం తుడవకండి, అది ఏబీఎస్‌నే కరిగిస్తుంది.

3డీ ప్రింటర్‌తో మౌంట్ చేసుకునేవాళ్లకు ఒక్క మాట. ప్రింటర్లలో వాడే పీఎల్‌ఏ ప్లాస్టిక్ 60 డిగ్రీల దగ్గర మెత్తబడుతుంది. పీఈటీజీ ప్లాస్టిక్ దాదాపు 80 దాకా, ఏబీఎస్ ఇంకాస్త ఎక్కువ. చేత్తో మూడు సెకన్లు పట్టుకోలేనంత వేడెక్కే మోటారుకు పీఎల్‌ఏ మౌంట్ చేస్తే ఎపాక్సీ నిలిచినా మౌంట్ సాగిపోతుంది.

వరస కుదరనిది జిగురు తీయకండి

ఎపాక్సీ గట్టిపడ్డాక షాఫ్ట్ వరస సరిచేయడమంటే కోసి మళ్లీ మొదలుపెట్టడమే. అందుకే నెమ్మది రకం వాడమనడం. నేను చేసేది ఇది. రెండు షాఫ్ట్‌లను కలిపే వంగే కీలును, అంటే యూనివర్సల్ కప్లింగ్‌ను, పక్కన పెట్టి, మోటారు షాఫ్ట్‌నూ ప్రొపెల్లర్ షాఫ్ట్‌నూ కలిపేలా బిగుతైన ఇత్తడి గొట్టం ముక్క తొడుగుతాను. రెండు షాఫ్ట్‌ల మందాలు వేరైతే తాత్కాలికంగా గట్టి కప్లింగ్ పెడతాను. అప్పుడు రెండూ ఒకే కడ్డీ. మోటారు ఎక్కడ కూర్చోవాలో ఆ కడ్డీయే చెబుతుంది. మోటారు వేలాడుతున్న ఆ చోట దిమ్మ కింద ఖాళీ ఎంతుందో చూసి, అట్ట ముక్కలతో నింపి, దిమ్మను ఆ ఖాళీకి తగ్గట్టు అరగదీస్తాను. మౌంట్‌ను బలవంతంగా కిందికి నొక్కి అతికిస్తే షాఫ్ట్ విల్లులా వంగి ఉంటుంది. ఆ వంపు కంటికి కనబడదు, చెవికి వినబడుతుంది.

రెండు మూలల్లో ఐదు నిమిషాల చుక్కలు పెట్టి అరగంట ఆగుతాను. తర్వాత గొట్టం తీసి కప్లింగ్ పెట్టి, తక్కువ వేగంలో తిప్పి కరెంటు ఎంత లాగుతోందో మీటర్‌లో చూస్తాను. మోటారు ఒంటరిగా తిరిగినప్పటి కంటే కొంచెమే ఎక్కువుంటే సరే. ఎక్కువగా ఉంటే చుక్కలు చాకుతో లేపేసి మళ్లీ మొదలు. ఈ దశలో చుక్కలు లేపడం రెండు నిమిషాల పని.

షాఫ్ట్ బదులు వంగే ఫ్లెక్స్ కేబుల్ ఉన్న స్పీడ్ బోట్లలో వరసకు కాస్త వెసులుబాటు ఉంటుంది గానీ, లోడ్ పడ్డప్పుడు కేబుల్ మెలితిరిగి పొట్టి అవుతుంది. వెనక ప్రొపెల్లర్ షాఫ్ట్‌ను మోసే స్ట్రట్‌కూ, ప్రొపెల్లర్‌ను తిప్పే ముక్క అయిన డ్రైవ్ డాగ్‌కూ మధ్య కొన్ని మిల్లీమీటర్ల ఖాళీ ఉంచాకే మోటారు చోటు ఖాయం చేయండి. లేదంటే కేబుల్ బిగుసుకుని మోటారు బేరింగ్‌ను వెనక్కి లాగుతుంది.

కలపడం, పూయడం

ఒకటికి ఒకటి అని రాసి ఉంటే అది ఎక్కువగా పరిమాణం లెక్క, బరువు లెక్క కాకపోవచ్చు, ప్యాకెట్ చూడండి. చిన్న మోతాదులో కంటి అంచనా బాగా తప్పుతుంది, గుర్తులున్న సిరంజిలు వాడండి. గట్టిపడలేదు కదా అని హార్డెనర్ (గట్టిపరిచే భాగం) ఎక్కువ వేయడం ఎపాక్సీ దగ్గర పనిచేయదు, మిగిలిపోయిన హార్డెనర్ అతుకును మెత్తగా ఉంచేస్తుంది. గిన్నె గోడలు గీకుతూ కనీసం ఒకటిన్నర నిమిషం కలపండి. ఎక్కువ మోతాదు లోతు గిన్నెలో వదిలేస్తే తన వేడికి తానే ఉడికి ముందే బిగుసుకుంటుంది, వెడల్పు మూతలో పరిస్తే ఎక్కువసేపు ఉంటుంది. వాతావరణం పది డిగ్రీలు వేడెక్కితే మీకున్న సమయం దాదాపు సగమవుతుంది. చలిలో అది గట్టిపడదు, పడినట్టు నటిస్తుంది.

గిన్నెలో మిగిలింది పారేయకండి. దాన్ని పడవ పక్కనే ఉంచి, మర్నాడు గోరుతో నొక్కండి. గోరు దిగకపోతే పడవలోదీ గట్టిపడినట్టే. రబ్బరులా నొక్కుకుంటే ఆ పడవను నీళ్లలోకి దించకండి. మొదట్లో చెప్పిన ఆ పడవకు ఈ పని చేసి ఉంటే కనీసం కలపడమన్నా బాగుందో లేదో తెలిసేది.

దిమ్మ చుట్టూ మూలల్లో చిక్కటి ఎపాక్సీతో వాలు తీయండి, ఐస్‌క్రీమ్ పుల్ల గుండ్రటి కొనతో ఒకే లాగుడు. ఆరేడు మిల్లీమీటర్ల వాలు చాలు, దాని మీద గ్లాస్ టేప్ ఒక పొర పరిస్తే పెచ్చు లేవడానికి మొదలే దొరకదు. రెండో పూత మర్నాడు వేస్తుంటే మొదటి దాని మీద జిడ్డుగా మైనంలాంటి పొర తగులుతుందేమో చూడండి. అది నీళ్లతోనే పోతుంది, కడిగి గీకి అప్పుడు వేయండి. చేతికి నైట్రైల్ గ్లౌజులు తప్పనిసరి. ఎపాక్సీ అలర్జీ ఒకసారి వస్తే వదలదు, తర్వాత చిటికెడు తగిలినా చర్మం లేస్తుంది.

ఎవరికి ఏది

స్కేల్ పడవ, నెమ్మది మోటారు: నెమ్మది ఎపాక్సీతో చెక్క దిమ్మ, మోటారు కింద న్యూట్రల్ సిలికోన్ లేదా రబ్బరు, పైన కట్టు. ఫైబర్‌గ్లాస్ స్పీడ్ బోటు: నెమ్మది ఎపాక్సీలో సిలికా, గ్లాస్ టేప్, అల్యూమినియం మౌంట్, నీటితో చల్లబరిచే జాకెట్. ఏబీఎస్ రెడీమేడ్ పడవలో పెద్ద మోటారు పెడుతుంటే ఏబీఎస్ ముక్కలు, ప్లాస్టిక్ సిమెంటు, స్క్రూలు. పిల్లలతో కలిసి ఆదివారం చేసే చిన్న చెక్క పడవకు ఐదు నిమిషాల ఎపాక్సీ నిక్షేపంలా సరిపోతుంది, రాత్రంతా ఆగమంటే ఆ పిల్లలు ఆగరు.

ఇక ఎప్పుడో ఒకరోజు దాన్ని తీయాల్సి వస్తుంది. సుత్తీ ఉలీ తీయకండి, హల్ పగులుతుంది. సోల్డరింగ్ ఐరన్ కొనను అల్యూమినియం మౌంట్ కాలి మీద కొన్ని నిమిషాలు ఆనించి ఉంచితే వేడి కిందికి దిగి ఎపాక్సీ మెత్తబడుతుంది, పలచటి చాకును అంచులోంచి మెల్లగా తోస్తే లేచి వస్తుంది. కిటికీ తెరిచి పెట్టుకోండి, ఆ పొగ మంచిది కాదు. కింద మిగిలిన పాత ఎపాక్సీ అంతా తీయనక్కర్లేదు. హల్‌ను గట్టిగా పట్టుకుని ఉంటే దాన్నే గరుకు చేసి దాని మీదే కొత్తది వేయవచ్చు, ఎపాక్సీ మీద ఎపాక్సీ బాగా పడుతుంది. ఎక్కడైనా పొర కింద తెల్లటి మచ్చలా గాలి దూరినట్టు కనబడితే మాత్రం, ఆ మేరకు హల్ తేలేదాకా గీకేయండి.